పిన్ను పట్టింది కదా అని స్విచ్ వెయ్యకు

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు హాస్టల్ గదిలో జేబులో పట్టే వీడియోగేమ్ తయారు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. దానికోసం పాత సెల్‌ఫోన్ బ్యాటరీలు ఏరుతున్నావని కూడా చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దానికి రాస్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు కొన్నావట, మంచి పని. 65 మిల్లీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, చొక్కా జేబుకి సరిపోతుంది. మెమరీ కార్డు దగ్గర కక్కుర్తి పడకు. పాత ఆటలకీ హక్కుదారులుంటారు, కార్డులో నింపి స్నేహితులకి అమ్మే పని పెట్టుకోకు. సోల్డరింగ్ అయ్యాక అతుకుల దగ్గర మిగిలే ఫ్లక్స్ జిడ్డు శుభ్రంగా తుడువు. సముద్రం ఒడ్డున అంతర్వేది వైపు నుంచి నా రిపేరు షాపుకి వచ్చే సెట్లు విప్పితే రాగి గీతలన్నీ చిలుం పట్టి ఉండేవి. పండక్కి నువ్వు ఆ గేమ్ తెచ్చేది ఈ ఉప్పుగాలిలోకే కదా.

ఇక బ్యాటరీ. మీ నాన్న నీకు చెప్పి ఉండడు, నేను చెబుతాను.

పెళ్లికి ముందు మీ నాన్న రాజోలులో నా షాపులోనే పని నేర్చుకున్నాడు. కువైట్ నుంచి ఒకాయన కొడుక్కి టీవీకి తగిలించే కేసెట్ల గేమ్ తెచ్చాడు. అడాప్టర్ పోయిందని మా దగ్గరికి పంపారు. మీ నాన్న అలమారలోంచి తొమ్మిది ఓల్టులది ఒకటి తీసి గుచ్చాడు. పిన్ను పట్టింది, స్విచ్ వేశాడు. ఆ మిషన్‌కి పిన్ను మధ్యలో మైనస్ రావాలి. ఈ అడాప్టర్‌కి మధ్యలో ప్లస్. షాపంతా ఎండుచేపలు మాడినట్టు వాసన. కెపాసిటర్ ఉబ్బింది, ఓల్టేజీని అయిదుకి దించే 7805 ఐసీ పోయింది. రెండూ మార్చాం, అయినా వెలగలేదు. ఆ చవక బోర్డుల్లో అసలు చిప్ నల్లటి బొట్టు కింద అతికించేసి ఉంటుంది, తీసి మార్చడానికి లేదు. పిల్లాడు కేసెట్ ఒళ్లో పెట్టుకుని మా షాపు మెట్టు మీదే కూర్చున్నాడు. మీ నాన్న నేను వద్దన్నా వినకుండా జీతంలో కోయించుకుని వాడికి కొత్తది కొనిపెట్టాడు. ఇంట్లో మీ అమ్మకి సంబంధం మాట నేను ఎత్తింది ఆ తర్వాతే.

నీ లిథియం బ్యాటరీకి తెల్ల కనెక్టర్ ఉంటుంది చూడు. ఎరుపు, నలుపు వైర్లు ఒక్కో తయారీదారు ఒక్కో వైపు పెడతాడు. వైర్లు తిరగబడి ఉన్నా కనెక్టర్ టక్కున పడుతుంది. మల్టీమీటర్ పెట్టి ప్లస్ ఏదో మైనస్ ఏదో చూడకుండా తగిలించావో, చెవి మెలిపెడతాను. టీపీ4056 చార్జర్ బోర్డు మామూలుగా ఒక ఆంపియర్ తోస్తుంది, చిన్న బ్యాటరీకి అది ఎక్కువ. 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 3 కిలో ఓమ్‌లది వేస్తే 400 మిల్లీ ఆంపియర్లకి దిగుతుంది. సెల్‌ఫోన్లలోంచి పీకినవి వద్దు, కొత్తది కొను, డబ్బులు నేనిస్తాను. కాస్త ఉబ్బినా పక్కన పడెయ్, గుచ్చకు. చార్జింగ్ పెట్టి నిద్రపోకు. దోమతెర లోపల అసలు వద్దు. నవ్వుకో, పర్వాలేదు.

నా డిజిటల్ మీటర్ ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. ఎర్ర ప్రోబ్ దగ్గర వైరు లూజుగా ఉంది, ముందు అది సోల్డర్ చేసుకో.

మీ మావయ్య