పొగంతా తడి వల్లే

ఇంట్లో హోమానికి పొగ తక్కువ వచ్చే ఆవు పిడకలు ఎలా చేసుకోవాలి, పేడలో ఏమైనా కలపాలా అని అడిగారు. ఏమీ కలపక్కర్లేదు. బాగా ఎండబెట్టండి, చాలు.

మా గృహప్రవేశానికి గణపతి హోమం పెట్టుకున్నాం. టైం లేక పిడకలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కోటి రెండంగుళాల మందం, ప్లాస్టిక్ కవర్లో బిగించి వచ్చాయి. కవరు లోపల చెమ్మ కనిపించినా పట్టించుకోలేదు. అగ్ని రాజేశారో లేదో, ఇల్లంతా పొగ కమ్మేసింది. పంతులుగారు ఒక చేత్తో విసనకర్ర, ఇంకో చేత్తో కర్పూరం, మంత్రం మధ్యలో దగ్గు. ఆస్తమా ఉన్న మా అత్తయ్యగారిని వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాల్సి వచ్చింది. సొంతింట్లో పూర్ణాహుతి ఆవిడ చూడలేకపోయారు. ఆ బాధ నాకింకా పోలేదు.

మిగిలిన పిడక ఒకటి విరిచి చూశాను. పైన ఎండి తెల్లబడింది, మధ్యలో ముదురాకుపచ్చగా ఉండి వేలికి చల్లగా తగిలింది. పచ్చి పేడలో ముప్పాతిక వంతు పైగా నీళ్లే కదా. అవి పోకపోతే వేడంతా వాటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, మంట అందుకోదు, సగం కాలిందంతా పొగై లేస్తుంది.

ఇప్పుడు ధనుర్మాసంలో పెట్టిన గొబ్బెమ్మలతో మేమే చేసుకుంటున్నాం. రాళ్లు ఏరేసి, అరచేయంత, వేలి మందం మించకుండా చరుస్తాం. భోగి దండకి చేసినట్టే మధ్యలో చిల్లు పెడితే తొందరగా ఎండుతుంది. రోజూ తిరగేయాలి, మంచు పడేలోపు లోపల పెట్టాలి. రెండు పిడకలు తాటిస్తే చెక్కముక్కల్లా టకటకమనాలి, విరిస్తే లోపలా బయటా ఒకటే రంగుండాలి. దాచడం గోనెసంచిలోనే.

ఎంత ఎండినవైనా గుండం నిండా కుక్కితే పొగే. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి, కింద గాలికి సందుండాలి. నెయ్యి మంటలో పడాలి, మంట లేని చోట పోస్తే అదీ పొగే. సమిధలు కూడా చూసి కొనండి, రావి, మేడి పుల్లలు పచ్చివే కట్టలు కట్టి అమ్మేస్తున్నారు. అవి అంటుకోవట్లేదని కొందరు కిరోసిన్ చల్లుతారు. ఆహుతి వేసే అగ్నిలో కిరోసినా? నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది. కిటికీలు మాత్రం తెరిచే ఉంచండి, పిడక ఎండినదైనా పొగ అసలు రాకుండా ఉండదు.

మొన్న రథసప్తమికి తులసికోట దగ్గర ఈ పిడకల మీదే పాలు పొంగించాం. అత్తయ్యగారు పక్కనే పీట వేసుకుని కూర్చుని, చిక్కుడాకుల్లో పరమాన్నం తనే వడ్డించారు.