నెల వెచ్చాలు తగ్గించుకుంటానన్న మా అమ్మాయికి

చి.ల.సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న ఫోన్ చేశాడు. మీరిద్దరూ ఫ్లాట్ కోసం డబ్బు కూడబెడుతున్నారనీ, ముందు నెల వెచ్చాల ఖర్చు తగ్గిస్తానని నువ్వే పట్టుబట్టావనీ చెప్పాడు. పెళ్లయి ఏడాది తిరక్కముందే ఇంటి లెక్క చేతిలోకి తీసుకున్నావు. మా ఇంటి పిల్ల అనిపించుకున్నావు, చాలా సంతోషం. అదే ఫోన్లో ఇంకో మాట కూడా అన్నాడు. సరుకులు యాప్‌లో తెప్పించుకుని, డబ్బు తర్వాతి నెలలో కట్టే పద్ధతి పెట్టుకున్నావట. అది విన్న దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ఇంట్లో ఏముందో చూసుకుని చీటీ రాయి. ఆకుకూర రెండు రోజులకి మించి కొనకు. డెలివరీ ఫ్రీ అవుతుందని అక్కర్లేని వస్తువు కలపకు. కూకట్‌పల్లి రైతు బజారు మీకు దగ్గరే, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, చదివి లోపలికి వెళ్లు.

తెనాలి కిరాణా కొట్లో గుమస్తాగా జుట్టు నెరిసేదాకా పనిచేసినవాణ్ణి కాబట్టి ఇంకొన్ని చెబుతాను. నూనె ప్యాకెట్ ముందు తిప్పి చూడు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అదే సైజు కవరులో 850 గ్రాములు, ఇంకా తక్కువ కూడా పోసి అమ్ముతున్నారు. ధర కొంచెం తగ్గినట్టు ఉంటుంది, నూనె అంతకన్నా తగ్గి ఉంటుంది. ఎమ్మార్పీ పక్కన గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తారు. పెద్ద అక్షరాల ఆఫరు వదిలేసి అది చదువు.

బియ్యం బస్తాలు ఇప్పుడు 26 కిలోలవి ఎందుకు వస్తున్నాయో గమనించావా? 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, ఆ పైన బరువుకి లేదు. మీ ఇద్దరికీ అంత బస్తా ఎక్కువనుకుంటే పక్క ఫ్లాట్ వాళ్లతో కలిసి తీసుకో. చవగ్గా వస్తున్నాయని కొత్త బియ్యం మాత్రం కొనకు. అన్నం ముద్దవుతుంది, ఒదగదు. పాత బియ్యానికి కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా గిన్నె నిండుతుంది.

కందిపప్పు కొత్త పంట సంక్రాంతికి అటూ ఇటూగా దిగుతుంది, చింతపండు, ఎండుమిర్చి శివరాత్రి, ఉగాది రోజుల్లో. ఏడాదికి సరిపడా కొనాల్సినవి అప్పుడే కొనాలి. పప్పుకి కాస్త ఆముదం పట్టించి ఎండబెట్టి పెట్టుకుంటే పురుగు రాదు. 2023 జులైలో టమాటా కిలో నూట యాభై దాటినప్పుడు మీ పెద్దమ్మ ఒక్క కాయ కొనలేదు. చింతపండు, గోంగూర, మామిడి ఒరుగులతో పప్పు వండింది. ఎవరూ వంక పెట్టలేదు.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పమని మీ నాన్నే అన్నాడు.

నువ్వు పుట్టకముందు, 1994లో, మీ అమ్మానాన్న బెజవాడ సత్యనారాయణపురంలో కాపురం పెట్టారు. మీ నాన్నది చిన్న జీతం, అదీ ఏ తారీఖున ఇస్తారో తెలిసేది కాదు. సందు చివర కిరాణా కొట్టతను 'సరుకు తీసుకెళ్లండి, జీతం వచ్చాక ఇద్దురుగాని' అన్నాడు. అలా ఖాతా మొదలైంది.

ఓ ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లాను. మీ అమ్మ వంటకి పప్పు డబ్బా తీసింది. నాకు అలవాటు కదా, గుప్పెడు తీసుకుని వదిలాను. అరచేతికి పిండి అంటుకుంది. పురుగు తొలిచిన పాత పప్పు. 'ఇదేంటమ్మా, తిరిగి ఇచ్చేయకపోయావా?' అన్నాను. 'ఎలా అడగను బావగారూ, అడిగితే నలుగురిలో బాకీ సంగతి ఎత్తుతాడు' అంది.

ఖాతా పుస్తకం తెప్పించి చూశాను. అట్ట ఊడిపోయిన పొడుగాటి పుస్తకం. బియ్యం, పంచదార, నూనె పేర్లతోనే ఉన్నాయి. వాటి మధ్య ప్రతి పేజీలోనూ రెండు మూడు చోట్ల 'చిల్లర' అని ఒక్క మాట, పక్కన అంకె. ఆ చిల్లర ఏమిటో మీ అమ్మకీ గుర్తులేదు, మీ నాన్నకీ గుర్తులేదు. బిస్కెట్లు అయ్యుండొచ్చు, చుట్టాలొస్తే తెప్పించిన కూల్ డ్రింకులు అయ్యుండొచ్చు. నోటు చేతిలోంచి పోతుంటే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ఎదుటివాడు పుస్తకంలో రాసుకుంటుంటే ఆగడు.

కొట్టతను దొంగలెక్క ఏమీ రాయలేదు. కానీ నగదు ఇచ్చే మనిషి నచ్చకపోతే పక్క కొట్టుకి పోతాడని ఏ కొట్టతనికైనా తెలుసు, కాబట్టి అతనికి కొత్త బస్తా విప్పుతాడు. అడుగున మిగిలింది ఖాతా ఇళ్లకి వెళ్తుంది. బాకీ ఉన్న మనిషి ఇంకో కొట్టుకి పోలేడు, ధర అడగలేడు, కాటా వంక చూడలేడు. మీ అమ్మ అంత నోరున్న మనిషి, ఆ రెండేళ్లూ ఆ కొట్టు ముందు తల వంచుకుని నడిచింది.

చివరికి పుట్టింటివాళ్లు పెట్టిన గాజులు తాకట్టు పెట్టి బాకీ తీర్చారు. వాటిని విడిపించేసరికి నువ్వు పుట్టావు. మీ నాన్న ఇవాళ్టికీ అరటిపండు కొన్నా ముందు డబ్బు చేతిలో పెట్టి గానీ పండు అందుకోడు. నువ్వు చిన్నప్పుడు దానికి నవ్వేదానివి.

నీ ఫోన్లో ఉన్నది కూడా ఖాతాయే తల్లీ. అక్కడ తల వంచుకోవాల్సిన పని లేదు కాబట్టి ఇంకా తేలిగ్గా పెరుగుతుంది. గడువు దాటితే లేటు ఫీజు వేస్తారు. రేపు హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకువాడు సిబిల్, అంటే నువ్వు అప్పులు ఎలా కట్టావో చెప్పే రిపోర్టు, తీస్తే, కట్టడం మర్చిపోయిన ఆ ఆరేడొందలు కూడా అందులో కనబడొచ్చు. ఇంటి కోసం పొదుపు చేస్తూ ఇంటి అప్పుకే అడ్డం తెచ్చుకుంటావా? చదువుకున్నదానివి, ఇంత చిన్న విషయం నేను చెప్పాలా? ఇప్పటిదాకా ఉన్నది కట్టేసి, ఆ సదుపాయమే తీయించెయ్యి.

కోప్పడ్డానని బాధపడకు. ఇంకో భయం కూడా ఉంది నాకు, అది కూడా రాసేస్తాను. పొదుపు అనగానే మన ఇళ్లల్లో ముందు ఆడపిల్ల పళ్లెం చిన్నదవుతుంది. అల్లుడుగారికి గుడ్డు వేసి నువ్వు పచ్చడితో సరిపెట్టుకునే పని చేయకు. పాలు, పప్పు, గుడ్లు, పండ్లు తగ్గించొద్దు. తగ్గించడానికి చిప్స్, సాస్ సీసాలు, రాత్రి పదకొండింటికి తెప్పించుకునే ఐస్‌క్రీములు చాలానే ఉంటాయి.

కొత్త చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి ఉంచింది మీ పెద్దమ్మ, కారం కూడా ఆడించింది. శనివారం మీ నాన్న హైదరాబాద్ వస్తున్నాడు, అతనితో పంపిస్తాం. ఈ నెల అవి చీటీలో రాయకు. చీటీ రాశాక ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, కొనేముందు ఒకసారి చూస్తాను.

మీ పెదనాన్న