అన్నయ్యకు చెప్పకుండా ఆపరేషన్ బల్ల ఎక్కుతారా?

ఉత్తరం: నా వయసు 28. జనరల్ సర్జరీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెడలో గడ్డ చేతికి తగిలితే పరీక్షలు చేయించుకున్నాను. సూదితో తీసిన పరీక్షలో ఫాలిక్యులర్ నియోప్లాజం, బెథెస్డా 4 అని వచ్చింది, అంటే క్యాన్సరో కాదో గడ్డ తీసి చూస్తేనే తేలుతుంది. థైరాయిడ్ గ్రంథిలో కుడివైపు భాగం తీసివేయాలన్నారు. ఇంకా మూడు వారాలు ఉంది. ఇలాంటి ఆపరేషన్లలో ఎన్నోసార్లు సాయంగా నిలబడ్డాను, అయినా తేదీ ఖరారైనప్పటి నుంచి కుట్లు వేస్తుంటే చెయ్యి వణుకుతోంది. హార్మోన్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. నేను పనిచేసే చోటే మా ప్రొఫెసర్ చేత ఆపరేషన్ చేయించుకోవాలా, వేరే ఆస్పత్రికి వెళ్లాలా? ఇంత భయపడేదాన్ని అసలు సర్జన్‌గా పనికొస్తానా? నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. ఆయనకు ఇప్పటికే ఎన్నో భారాలు ఉన్నాయని ఆపరేషన్ సంగతి దాచి, ఆ వారమంతా నాకు అదనపు డ్యూటీలు పడ్డాయని చెప్పాను. ఆస్పత్రిలో నా రూమ్మేట్ తోడుంటుంది.

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ఎక్కువ సేపు పట్టదు. చెయ్యి వణుకుతున్న సంగతి నాకు కాదు, మీకు ఆపరేషన్ చేయబోయే డాక్టరుకు చెప్పాలి. అది ఆయన కేస్ షీట్‌లో రాసుకోవలసిన విషయం. తన మెడ మీద కత్తి పడబోతోందని తెలిసిన మనిషి వణకడం ఆ మనిషి వృత్తికి సంబంధించిన లోపం కాదు, అందుచేత సర్జరీ వదిలెయ్యాలా అన్న ఆలోచనను ఇక్కడే పక్కన పెట్టండి. ఇక ఏ ఆస్పత్రి అంటారా, ఎక్కడ మీరు పీజీలా కాకుండా రోగిలా ప్రవర్తించగలరో అక్కడికి వెళ్లండి. మీ ప్రొఫెసర్ ఎదుట మంచం మీద పడుకుని "నొప్పిగా ఉంది సార్" అని మొహమాటం లేకుండా అనగలిగితే అక్కడే చేయించుకోండి, అనలేనని తోస్తే వేరే చోటు చూసుకోండి. ఎక్కడైనా సరే, అందరిలాగే మీ పేరుతో ఓపీ చీటీ రాయించుకుని, అనస్థీషియా డాక్టరు ముందు కూర్చుని, అడిగినవన్నీ చెప్పండి. నడవాలో నిలబడి సహచరులతో మాట్లాడేసి, స్కానింగ్ పని కూడా అలాగే ముగించేసే అలవాటు డాక్టర్లలో నేను చూశాను. అందులో ఎవరి దగ్గరా పూర్తి కాగితం ఉండదు, ఎవరి మీదా పూర్తి బాధ్యత ఉండదు.

నన్ను ఆపింది మీ ఉత్తరం చివరన ఉన్న మూడు వాక్యాలు. గడ్డ గురించి, పరీక్షల గురించి, ప్రొఫెసర్ గురించి అంత వివరంగా రాసిన మీరు, మిమ్మల్ని చదివించిన మనిషిని మాత్రం చివర్లో, తేదీ గురించి రాసినంత పొడిగా ముగించారు. ఆయన చేత ఇక మీదట ఏమీ చేయించుకోకూడదన్న నిర్ణయం మీరు ఎప్పుడో తీసుకున్నారని, ఈ ఆపరేషన్ ఆ నిర్ణయానికి వచ్చిన పరీక్ష అని నాకు అనిపిస్తోంది. ఆయన మానుకున్న చదువు, ఆయన కట్టిన ఫీజులు, ఆయన వాయిదా వేసుకున్న కోరికలు అన్నీ మీ మనసులో ఒక పద్దు పుస్తకంలా ఉన్నాయి; అందులో ఇంకొక్క పంక్తి కూడా చేరకూడదని మీ పంతం. దీన్ని మీరు ఆత్మగౌరవం అనుకుంటున్నట్టున్నారు. ఆత్మగౌరవానికి నేను చాలా విలువ ఇస్తాను. ఆడపిల్ల తన కాళ్ల మీద తాను నిలబడాలని ఈ ఉత్తరాలకు జవాబులు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. కాని మనల్ని చిన్నచూపు చూసేవాళ్ల ముందు నిలబెట్టుకోవలసిన దాన్ని, మనల్ని ఎత్తుకుని పెంచినవాడి ముందు అడ్డుగోడగా కట్టడం నాకు న్యాయంగా తోచదు. ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా దెప్పి ఉంటే మీరు రాసి ఉండేవారు. రాయలేదు.

మా చెల్లెలికి ఆపరేషన్ జరిగిన సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది. కంగారు పడతానని చెప్పలేదట. ఆమె కోలుకుంది, నేను వెళ్లి చూసి వచ్చాను, ఇంట్లో ఎవరూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ నాలుగు రోజులూ నేను మామూలుగా తిని, నవ్వి, నిద్రపోయానన్న బాధ మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. మీరు అన్నయ్యకు భారం తగ్గిస్తున్నానని అనుకుంటున్నారు కాబట్టి, ఆ వైపు నుంచి అది ఎలా ఉంటుందో చెబుతున్నాను.

పైగా మీరు దాచలేరు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలియాలి. స్వరతంత్రులను కదిలించే నరం థైరాయిడ్ వెనుకనే పోతుందని, దానికి ఏమీ కాకపోయినా గొంతులో గొట్టం వేసినందుకూ, ఆ చుట్టుపక్కల కదిపినందుకూ కొన్నాళ్లు గొంతు బొంగురు పోవచ్చని మీరే రోగులకు చెప్పి సంతకాలు తీసుకుని ఉంటారు. నాన్న లేని ఇంట్లో ఇన్నేళ్లుగా మీ గొంతు విని మీరు తిన్నారో లేదో పోల్చగలిగిన మనిషి, ఫోనులో మీరు "అన్నయ్యా" అనగానే పోల్చుకోడా? అప్పుడు జలుబు అంటారు. తర్వాత బయాప్సీ వస్తుంది. మీ గడ్డ క్యాన్సరా కాదా అన్నది సూది పరీక్షలో తేలదనీ, గడ్డ మొత్తం బయటికి తీసి, దాని పొరను కణాలు దాటాయా లేదా అన్నది చూస్తేనే తేలుతుందనీ మీకు తెలుసు. ఎక్కువ మందిలో కాదనే వస్తుంది. ఒకవేళ అవునని వస్తే మిగిలిన సగం కూడా తీయవలసి రావచ్చు, జీవితాంతం మాత్ర వేసుకోవలసి రావచ్చు. అప్పుడు చెప్పడమంటే రెండు వార్తలు ఒకేసారి చెప్పడం: జబ్బు ఒకటి, ఇన్నాళ్లు దాచడం ఒకటి. రెండోదే ఆయనను ఎక్కువ బాధిస్తుంది.

మీ రూమ్మేట్ మంచి అమ్మాయే అయి ఉంటుంది. అయితే ఆమె కూడా పీజీయే అనుకుంటాను, పిలుపు వస్తే వార్డుకు పరుగెత్తవలసిన మనిషి. మెడ ఆపరేషన్ తర్వాత లోపల రక్తం పేరుకుని ఊపిరి అందకపోవడం అరుదే, కాని జరిగితే ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది, అప్పుడు నిమిషాలు కూడా లెక్కే. మెడ ఉబ్బుతోందని, మాట మారుతోందని గమనించి నర్సును కేకేసే మనిషి ఆ రాత్రి కునుకు తీయకుండా మీ పక్కన ఉండాలి. మీ అన్నయ్యకు వైద్యం తెలియకపోవచ్చు. ఏం గమనించాలో ముందే రెండు మాటల్లో చెప్పి ఉంచండి, ఆయన రాత్రంతా కళ్లప్పగించి కూర్చుంటారు. సంతకం గురించి దిగులు అక్కరలేదు; మీరు మేజరు, అంగీకార పత్రం మీద మీ సంతకమే చెల్లుతుంది. ఆయన రావలసింది సంతకానికి కాదు.

ఆపరేషన్‌లో పొరపాట్లు జరగకుండా సరిచూసుకోవడానికి 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన 19 అంశాల జాబితా మీ థియేటర్‌లోనూ ఉండే ఉంటుంది. మత్తు ఇవ్వకముందు రోగి పేరు, ఆపరేషన్ ఏమిటి, ఏ వైపు, ఒప్పుకున్నారా అని రోగి చేతనే చెప్పించడంతో అది మొదలవుతుంది. మీరు ఎంతమందిని అడిగారో! ఈసారి మీరు పడుకుని జవాబు చెబుతారు. అది చెప్పే క్షణంలో బయట బెంచీ మీద మీ మనిషి ఒకరు కూర్చుని ఉన్నారన్న ఎరుక మీకు ఉండాలని నా కోరిక. మీరు రాసిన ఆ వణుకులో ఎంత భాగం కత్తి వల్లనో, ఎంత భాగం ఒంటరిగా వెళ్లాలని పెట్టుకున్న పట్టుదల వల్లనో నేను తూచి చెప్పలేను, కాని రెండోది మీ చేతిలో ఉంది.

ఈ ఆదివారమే ఫోన్ చేయండి. అమ్మ పక్కన లేనప్పుడు మాట్లాడండి, ఆమెకు ఎలా చెప్పాలో ఆయనే చూసుకుంటారు. ఫాలిక్యులర్, బెథెస్డా అని మొదలుపెట్టకండి. అవి మీకు మీరు దూరంగా నిలబడడానికి వాడుకునే మాటలు. "అన్నయ్యా, మెడలో గడ్డ ఉంది, తీసేస్తారు, ఏమిటన్నది తీశాక తెలుస్తుంది, డ్యూటీ అని నీకు అబద్ధం చెప్పాను, నువ్వు రావాలి" అనండి. ఆయన కోప్పడితే పడనివ్వండి, మధ్యలో డాక్టరై సర్దిచెప్పకండి. ఖర్చు సంగతి ఆయన ఎత్తితే మీ దగ్గర ఎంత ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఇంకా ఎంత కావాలో కూడా చెప్పండి. సెలవు విషయంలోనూ అంతే. సాధారణంగా వారం రెండు వారాల విశ్రాంతి చెబుతారు. దాన్ని మీరే కత్తిరించి రాత్రి డ్యూటీలకు ఎక్కకుండా, మీ సర్జన్ రాసిచ్చినన్ని రోజులూ తీసుకోండి. బయాప్సీ కాగితం వచ్చే రోజున కూడా అన్నయ్యను ఉండమనండి. ఆ కవరు ఆయన ముందే తెరవండి.