బ్యాక్‌యార్డ్‌కి గ్యాస్ ఫైర్ పిట్: ప్రొపేనా, నేచురల్ గ్యాసా? భోగి మంట అందులో వేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర కొత్త ఇంట్లోకి వచ్చారు. కట్టెల ఫైర్ పిట్‌కి (పెరట్లో చలి కాచుకునే మంట తొట్టికి) హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోలేదు కాబట్టి గ్యాస్‌ది కొనాలనుకుంటున్నారు. ప్రొపేన్ సిలిండర్‌దా, ఇంటి లైన్ నుంచి నేచురల్ గ్యాస్ లాగించుకునేదా, బిగించుకోవడం మనవల్ల అవుతుందా, సంక్రాంతికి ఇండియా నుంచి వస్తున్న అమ్మానాన్నల కోసం భోగి మంట అందులోనే వేయొచ్చా అన్నవి మీ సందేహాలు. మేం డాలస్ దగ్గరే ఫ్రిస్కోలో ఉంటాం. ప్రొపేన్ ఫైర్ పిట్ కొని మూడు చలికాలాలైంది. నాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. అది చూడటానికి నెగడులా ఉంటుంది గానీ నెగడు కాదండి, గ్యాస్ పొయ్యి. వంటింట్లో పొయ్యి దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటామో దీని దగ్గరా అలాగే ఉండాలి. మేం చేసిన తప్పులన్నీ దాన్ని నెగడు అనుకోవడం వల్ల జరిగినవే.

ప్రొపేనా, నేచురల్ గ్యాసా అన్న విషయంలో మేం రెండూ ఆలోచించాం. గ్యాస్ మీటర్ నుంచి పాటియో (ఇంటి వెనక గచ్చు) అంచు దాకా సుమారు 35 అడుగులు లైన్ వేయడానికి ప్లంబర్ 1,900 డాలర్లు చెప్పారు. వారంలో నాలుగు రోజులు వాడేవాళ్లకు అది బాగానే గిట్టుబాటవుతుంది, సిలిండర్ మోసే పని ఉండదు. మాకు నవంబర్ నుంచి మార్చి దాకా వారాంతాల్లోనే పని కాబట్టి ప్రొపేన్ తీసుకున్నాం. మీరు లైన్ వేయించుకోవాలనుకుంటే లైసెన్స్ ఉన్న ప్లంబర్‌తో, సిటీ పర్మిట్‌తోనే చేయించండి. ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్, గీజరు, వంటింటి స్టవ్, ఇప్పుడు ఫైర్ పిట్, ఇన్నిటికీ కలిపి మీటరు సరిపోతుందో లేదో ఆయనే లెక్క కట్టాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే నేలలో ఉన్న కరెంటు, గ్యాస్, కేబుల్ లైన్లకు ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. అది మాత్రం మానొద్దు.

ప్రొపేన్‌ది కొనేసి తర్వాత నేచురల్ గ్యాస్ లైన్‌కి తగిలించుకోవచ్చు కదా అని మా పక్కింటివాళ్లు అడిగారు. అలా కుదరదు. గ్యాస్ ఒత్తిడిని నీటి స్తంభం ఎత్తుతో కొలుస్తారు. ఇళ్లలో నేచురల్ గ్యాస్ దాదాపు 7 అంగుళాల ఒత్తిడితో వస్తుంది, ప్రొపేన్ పొయ్యిలు దాదాపు 11 అంగుళాలతో నడుస్తాయి. గ్యాస్ బయటికి వచ్చే చిన్న రంధ్రం కొలత కూడా వేరు. కంపెనీ వాళ్లే ఇచ్చిన కన్వర్షన్ కిట్ ఉంటే దాన్నే వాడాలి, లేకపోతే ఆ ఆలోచన వదిలేయండి.

ఇంకో తేడా ప్రాణానికి సంబంధించింది. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేల మీద చేరుతుంది, గుంట ఉంటే గుంటలో నిలుస్తుంది. నేచురల్ గ్యాస్ తేలిక కాబట్టి పైకి పోతుంది. అందుకే ప్రొపేన్ ఫైర్ పిట్ అడుగున, పక్కన గాలి పోయే సందులుంటాయి. అందానికని వాటి చుట్టూ రాళ్లు పేర్చడం, పూల కుండీలు ఆనించడం చేయకండి. ఇటుకలతో సొంతంగా తొట్టి కట్టుకునేవాళ్లు చాలామంది మరిచిపోయేది ఈ సందులనే. ఎదురెదురుగా రెండు వైపులా వెంట్లు వదలాలి.

కొనేటప్పుడు బీటీయూ (వేడిని కొలిచే లెక్క) చూడండి. మాది గంటకు 50,000 బీటీయూ. చుట్టూ ఆరుగురు కూర్చుంటే సెగ సరిపోతుంది, అదీ మూడు నాలుగు అడుగుల్లోపు కుర్చీలు వేసుకుంటేనే. కట్టెల నిప్పుల్లో వచ్చే సెగ దీనిలో రాదు. వేడిలో ఎక్కువ భాగం పైకి పోతుంది, మోకాళ్లకూ చేతులకూ తగులుతుంది గానీ వీపు చల్లగానే ఉంటుంది. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పి ఓ శాలువా ఇవ్వండి. 30,000 బీటీయూవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి, జనవరి రాత్రి చలి కాచుకోవడానికి చాలవు. పెట్టె మీద సీఎస్‌ఏ లాంటి భద్రతా సర్టిఫికేషన్ గుర్తు లేని చవక రకం జోలికి పోకండి. నేను 380 డాలర్లు పెట్టాను.

గ్యాస్ ఖర్చు లెక్క ఇది. ఇక్కడ దొరికే మామూలు సిలిండర్ 20 పౌండ్లది, అంటే 9 కిలోలు. మన ఊళ్లో ఇంటి సిలిండర్ 14.2 కిలోలు కాబట్టి ఇది చిన్నది. 20 పౌండ్ల ప్రొపేన్‌లో సుమారు 4,30,000 బీటీయూ వేడి ఉంటుంది. 50,000 చొప్పున పెద్ద మంట మీద ఎనిమిదిన్నర గంటలు. అయితే కిరాణా షాపుల ముందు బోనుల్లో పెట్టి ఖాళీదానికి బదులిచ్చే సిలిండర్లలో చాలావరకు 15 పౌండ్లే నింపుతారు, ఆరున్నర గంటల్లో అయిపోతుంది. దగ్గర్లో తూచి నింపే చోటు ఉంటే అక్కడికే తీసుకెళ్లండి. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్ మెడ మీద ‘టీడబ్ల్యూ’ అని చెక్కిన ఖాళీ బరువు చూడండి, 17 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. బాత్రూం కాటా మీద పెట్టి, వచ్చిన బరువులోంచి అది తీసేస్తే మిగిలింది గ్యాస్. కారులో తెచ్చేటప్పుడు నిలబెట్టే తేవాలి. గరాజ్‌లో, ఇంట్లో ఎప్పుడూ దాచకూడదు. మాది పెరట్లో ఇంటి గోడకు దూరంగా నీడపట్టున ఉంటుంది.

ఇక బిగించడం. ప్రొపేన్‌ది మనమే చేసుకోవచ్చు, ఒక గంట పని. సిలిండర్‌కి తగిలించే పెద్ద ప్లాస్టిక్ మరను చేత్తోనే కుడివైపు తిప్పి బిగించాలి, స్పానర్ అక్కర్లేదు. ఆ తర్వాత చేయాల్సింది సబ్బు నీళ్ల పరీక్ష. గిన్నెలు కడిగే సబ్బు ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి బ్రష్‌తో ప్రతి జాయింట్‌కీ పూయండి. నాబ్ ఆఫ్‌లో ఉంచి, సిలిండర్ వాల్వ్ మాత్రం తెరిచి రెండు నిమిషాలు చూడండి. బుడగలు పెరిగితే కారుతున్నట్టే. మాకు మొదటి రోజే రెగ్యులేటర్ దగ్గర కాదు, అవతలి కొసన నాబ్ వెనక జాయింట్‌లో బుడగలు వచ్చాయి. ఫ్యాక్టరీలో బిగించిందే కదా అని వదిలేసి ఉంటే తెలిసేది కాదు. వాల్వ్ కట్టేసి, మళ్లీ బిగించి, మళ్లీ పూసి చూశాను, ఆగింది. చిన్నప్పుడు కొత్త సిలిండర్ పెట్టిన ప్రతిసారీ అమ్మ రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాసి చూసేది. ఆ అలవాటే ఆ రోజు పనికొచ్చింది. ఇప్పుడు సిలిండర్ మార్చిన ప్రతిసారీ, నవంబర్‌లో మొదటిసారి వెలిగించే ముందూ తప్పకుండా చేస్తాను.

వెలిగించాక మంట బెత్తెడు కూడా లేవలేదు. నాబ్ పూర్తిగా తిప్పినా అంతే. రెండు రోజులు తంటాలు పడి, వస్తువే పాడైందనుకుని తిరిగి పంపడానికి పెట్టెలో సర్దేశాం. తర్వాత తెలిసింది, తప్పు నాదే. ఈ సిలిండర్ కనెక్షన్‌లో గొట్టం తెగితే గ్యాస్ ఒక్కసారిగా పోకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. వాల్వ్ గబుక్కున తెరిస్తే, లేదా నాబ్ ఆన్‌లో ఉండగా తెరిస్తే, గొట్టం తెగిందనుకుని అది ధారను బిగబట్టేస్తుంది. విరుగుడు తేలిక: నాబ్, వాల్వ్ రెండూ కట్టేసి, గొట్టం విప్పి, ఓ నిమిషం ఆగి, మళ్లీ తగిలించి, వాల్వ్‌ని చాలా నెమ్మదిగా తెరవాలి. మీకూ మంట చిన్నగా వస్తే ముందు ఇదే చేయండి. చలి బాగా ఉండి సిలిండర్‌లో గ్యాస్ అడుగుకి వచ్చినా మంట తగ్గుతుంది. ద్రవం ఆవిరయ్యే వేగం చాలక సిలిండర్ మీద మంచు పట్టడం కనిపిస్తుంది. వేడినీళ్లు పోయడం, దుప్పటి కప్పడం వద్దు. నిండు సిలిండర్ మార్చుకోండి.

వెలిగించేటప్పుడు నాబ్ నొక్కి పట్టి, మంట అంటుకున్నాక కూడా ఓ 30 సెకన్లు వదలకండి. వేడిని పసిగట్టే చిన్న కడ్డీ కాగితే తప్ప వాల్వ్ తెరిచి ఉండదు. మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అదే ఆగేది కూడా ఆ కడ్డీ వల్లే, కాబట్టి అది విసిగిస్తోందని దాన్ని తప్పించే ప్రయత్నం చేయొద్దు. అంటుకోకపోతే అన్నీ కట్టేసి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. వేసవంతా ఊరికే ఉంటే బర్నర్ గొట్టంలో సాలీళ్లు గూళ్లు పెడతాయి. సీజన్ మొదట్లో సన్నటి బ్రష్‌తో లోపల తుడిచి వెలిగించండి.

బర్నర్ మీద పోయడానికి లావా రాళ్లు, లేదా ఫైర్ గ్లాస్ అని అమ్మే టెంపర్డ్ గాజు ముక్కలు మాత్రమే. మా పిల్లలు పార్కులో వాగు దగ్గర ఏరిన నున్నటి గులకరాళ్లు వేస్తామన్నారు. అలాంటి రాళ్ల లోపల నీరు చిక్కుకుని ఉంటుంది. అది ఆవిరై రాయి పేలి ముక్కలు కళ్లలోకి ఎగిరే ప్రమాదం ఉంది. గాజు కూడా బర్నర్ కప్పేంత పలచగా, ఓ అంగుళం లోపే పోయండి. మందంగా పోస్తే మసి పడుతుంది.

చోటు విషయంలో మాన్యువల్‌లో రాసిన దూరాలే చివరి మాట, ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి. ఇక్కడ చలి గాలి ఉత్తరం నుంచి తోసుకొస్తుంది కాబట్టి ఆ వైపు ఇల్లో కంచో అడ్డుండేలా, అయితే కంచెకు దగ్గర కాకుండా పెట్టుకోండి. వినైల్ కంచె సెగకే వంగిపోతుంది. చెట్టు కొమ్మల కింద వద్దు. గాలి రోజుల్లో మంట పక్కకు వాలుతుంది. చుట్టూ నిలబెట్టే గాజు పలకలు ఓ 80 డాలర్లు, పిల్లలున్న ఇంట్లో కొనాల్సిందే.

ఇప్పుడు భోగి. దీన్ని వివరంగా రాయాలి, ఎందుకంటే మొదటి ఏడాది మా ఇంట్లో జరిగింది ఇదే. తెల్లవారుజామున ఐదింటికి నాలుగు కుటుంబాలు వచ్చాయి. పిల్లలు ఇండియన్ స్టోర్‌లో కొన్న పిడకల దండలు తెచ్చారు. మేం ఏమీ అనకముందే అందులో వేసేశారు, పెద్దవాళ్లు రెండు వేపపుల్లలు కూడా వేశారు. అందరి మొహాల్లో ఆనందం చూసి నాకూ ఆపాలనిపించలేదు. పది నిమిషాల్లో పొగ కమ్మేసింది, మంట ఒక పక్కే వస్తోంది. బూడిద గాజు ముక్కల సందుల్లోంచి జారి బర్నర్ రంధ్రాల్లో చేరింది. ఆ వారాంతమంతా గాజు మొత్తం తీసి బకెట్‌లో కడిగి, ఆరబెట్టి, ఒక్కో రంధ్రం పొడిచి శుభ్రం చేశాం. రంధ్రాలు మూసుకుంటే గ్యాస్ వేరే దారి వెతుక్కుంటుంది, అది ఇంకా పెద్ద ప్రమాదం. మొక్కజొన్న పొత్తులు కాల్చడం కూడా వద్దు, మా మాన్యువల్‌లో వంటకు వాడొద్దని స్పష్టంగా ఉంది.

మేం ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. గ్యాస్ మంట చలి కాచుకోవడానికి, చుట్టూ కూర్చుని పాటలు పాడుకోవడానికి. పిడకల కోసం విడిగా ఒక ఇనప మూకుడులో ఇసుక పోసి, ఇంటికీ కంచెకీ, సిలిండర్‌కీ దూరంగా గట్టి నేల మీద పెడతాం. ఒక్కో పిల్ల చేత ఒక్కో పిడక వేయిస్తాం. పక్కనే నీళ్ల బకెట్ ఉంటుంది. కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటలు వేయొద్దన్న నిషేధం) లేదని ముందురోజు చూసుకుంటాం, ఉంటే పిడకలు లేవు, గ్యాస్ మంట ఒక్కటే. మీ హెచ్‌ఓఏకి కూడా ఈ మూకుడు సంగతి ముందే రాసి అడగండి, కట్టెలు వద్దన్నవాళ్లు దీనికీ అభ్యంతరం చెప్పొచ్చు.

ఆ రోజు ఆడపిల్లలు కొత్త పట్టు లంగాల్లో ఉంటారు, అమ్మగారు చీరలో ఉంటారు. కొంగు, చున్నీ, వేలాడే శాలువా అంచు ఈ మంటకు ఎంత త్వరగా అందుతాయో నేను కళ్లారా చూశాను. ఒక పెద్దమ్మగారి కొంగు గాజు పలక మీదుగా పడబోతుంటే పక్కావిడ లాగేసింది. కొంగు నడుముకు దోపుకోమని, చున్నీ ముడేసుకోమని మొహమాటపడకుండా అడగండి. మంట ఆపాక కూడా గాజు, ఇనుము అరగంటకు పైగా కాలుతూనే ఉంటాయి. చివర్లో పిల్లలు చెయ్యి పెట్టేది అప్పుడే, కాబట్టి అది చల్లారేదాకా ఒక పెద్దవాళ్లు అక్కడే ఉండాలి. కవర్ కప్పేదీ ఆ తర్వాతే.

మీ పాటియోకి పైకప్పు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే దాని ఎత్తు, మీటర్ నుంచి అక్కడికి దూరం ఇక్కడ రాయండి, లైన్ వేయించుకోవడం మీకు లాభమో కాదో చూసి చెప్తాను. ఏది కొన్నా డిసెంబర్ మొదట్లోనే తెప్పించి, సబ్బు నీళ్ల పరీక్ష చేసి, పగటిపూట రెండుసార్లు వెలిగించి చూసుకోండి.