జీలిబ్‌సీని కాన్ఫిగర్ చేసే ముందు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు కోసం ల్యాప్‌టాప్‌లో జీలిబ్‌సీని, అంటే లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీని, కడుతున్నావు కదా. నిన్న రాత్రి నువ్వు ఫోనులో ఆ ఎర్రర్లు చదువుతుంటే నీ గొంతులో అలసట తెలిసింది. మూడు రోజులుగా నిద్ర లేదన్నావు. ముందు కడుపునిండా తిని పడుకో. లేచాక ఈ ఉత్తరం పక్కన పెట్టుకుని ఎలా కట్టాలో తేల్చే కాన్ఫిగర్ ఒక్కటే మళ్లీ చెయ్యి. అసలు కట్టే పని చేసే మేక్ జోలికి వెంటనే వెళ్లకు.

నువ్వు చదివిన కమాండులో హోస్ట్ ఉంది, బిల్డ్ లేదు. చిక్కు అక్కడే మొదలైందని నా అనుమానం. జీసీసీ కంపైలర్‌ను కట్టేటప్పుడు బోర్డు పేరును టార్గెట్‌గా ఇచ్చావు, అది సరైనదే. కంపైలర్ నీ ల్యాప్‌టాప్‌లో నడుస్తూ బోర్డు కోసం కోడ్ పుట్టిస్తుంది కదా. లైబ్రరీ ఏ కోడ్‌నూ పుట్టించదు, తానే వెళ్లి బోర్డు మీద నడుస్తుంది. అందుకే జీలిబ్‌సీకి హోస్ట్ అంటే బోర్డే, బిల్డ్ అంటే నీ ల్యాప్‌టాప్. హోస్ట్ ఒక్కటే ఇస్తే క్రాస్ (ఒక యంత్రం మీద వేరే రకం యంత్రానికి కట్టడం) కాకుండా మామూలు కంపైల్‌కే సిద్ధమవుతుందని జీలిబ్‌సీ మాన్యువల్‌లోనే రాశారు. రెండూ ఇవ్వు. బిల్డ్ పేరును ఊహించి రాయకు, సోర్స్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్ కింద ఉన్న కాన్ఫిగ్.గెస్ నడిపితే అదే చెబుతుంది. తర్వాత కాన్ఫిగ్.లాగ్ తెరిచి, క్రాస్ కంపైల్ చేస్తున్నామా అని అది వేసుకున్న ప్రశ్న పక్కన ఏముందో చూడు. యెస్ అని కనపడేదాకా ముందుకు కదలకు.

ఇక ప్రిఫిక్స్. మన షిప్‌యార్డులో 1948లో నీళ్లలోకి దిగిన జల ఉష ఓడను తలచుకో. దాన్ని కట్టింది నేల మీద, లెక్కలన్నీ వేసింది సముద్రానికి. ప్రిఫిక్స్ కూడా అలాంటి లెక్కే. బోర్డు మీద లైబ్రరీ ఎక్కడ ఉంటుందో ఆ చిరునామాయే అందులో రాయాలి, అంటే యూఎస్ఆర్ ఫోల్డర్. నీ ల్యాప్‌టాప్‌లోని సిస్‌రూట్ ఫోల్డర్ (బోర్డు ఫైళ్ల నకలు ఉంచే చోటు) పేరు అక్కడ రాయకూడదు, రాస్తే ఆ దారి లైబ్రరీ లోపల అచ్చై బోర్డు దాకా వెళుతుంది. సిస్‌రూట్ సంగతి, కట్టిన ఫైళ్లను వాటి చోట పెట్టే మేక్ ఇన్‌స్టాల్ దగ్గర డెస్ట్‌డిర్‌గా ఇవ్వాలి.

అలా సిస్‌రూట్ దారి ఇవ్వడం ఇరవై ఏళ్ల కిందట నేను ఒకసారి మరిచిపోయాను. ప్రిఫిక్స్ యూఎస్ఆర్ అని ఉంది, నేను అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌గా ఉన్నాను. ఆర్మ్ కోసం కట్టిన లిబ్‌సీ నేరుగా నా 32 బిట్ల పీసీలోని లిబ్‌సీ మీద కూర్చుంది. తెరిచి ఉన్న షెల్ (కమాండులు కొట్టే ప్రోగ్రామ్) మాత్రం బతికింది. షెల్ లోపలే ఉండే సీడీ, ఎకో కమాండులు పనిచేస్తున్నాయి. ఎల్‌ఎస్ కొట్టినా సీపీ కొట్టినా లేవడం లేదు. అర్ధరాత్రి బూట్ డిస్క్ పెట్టి బూట్ చేసి పాత ఫైళ్లను వెనక్కి తెచ్చుకున్నాను. నువ్వు మాత్రం ఈ పని రూట్‌గా చెయ్యవద్దు, ఇది నా ఆజ్ఞ అనుకో. మామూలు యూజర్‌గా ఉంటే, మరిచిపోయినా పర్మిషన్ లేదని ఆగిపోతుంది.

కంపైలర్‌కు లైబ్రరీ కావాలి, లైబ్రరీకి కంపైలర్ కావాలి, చెట్టు ముందా విత్తు ముందా అనే ఆ చిక్కుకు మొదటి విడత జీసీసీ కట్టి నువ్వే దారి చేసుకున్నావు కాబట్టి దాని గురించి రాయను. కెర్నల్ హెడర్లు సిస్‌రూట్‌లో ఉన్నాయా, విత్ హెడర్స్ ఆప్షన్ వాటినే చూపిస్తోందా, అది చూడు. హెడర్లు 6.1వి, బోర్డులో కెర్నల్ 4.9 అని భయపడ్డావు. హెడర్లు కొత్తవైతే నష్టం లేదు. లైబ్రరీ నడవాల్సిన అతి పాత కెర్నల్ ఏదో చెప్పే ఎనేబుల్ కెర్నల్‌లో ఇచ్చే అంకె మాత్రం 4.9ని దాటకూడదు. దాటితే కంపైల్ అంతా చక్కగా ముగిసినా, బోర్డు మీద ప్రోగ్రాములు సరిగ్గా నడవకపోవచ్చు. 2.36కు ముందు జీలిబ్‌సీలలోనైతే మొదటి ప్రోగ్రామే కెర్నల్ మరీ పాతదని చెప్పి చచ్చిపోయేది.

సోర్స్ ఫోల్డర్‌లోనే కాన్ఫిగర్ నడిపితే ఒప్పుకోదు, వేరే ఫోల్డర్ పెట్టుకో. లైబ్రరీలు వెతికే దారులుండే ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను ఖాళీ చెయ్యి, చివర ఒక్క కోలన్ మిగిలినా మనం ఉన్న ఫోల్డర్‌నే చూపిస్తోందని ఆపేస్తుంది. ఆప్టిమైజేషన్ తీసేస్తే జీలిబ్‌సీ కంపైల్ కాదు, ఓ2 స్థాయి ఉంచు.

ఒక్క మాట నిదానంగా చదువు. బోర్డు పేరు చివర ఒకచోట జీఎన్‌యూఈఏబీఐ అనీ, ఇంకోచోట దానికి హెచ్ఎఫ్ (దశాంశ లెక్కలకు హార్డ్‌వేర్‌నే వాడే రకం) చేర్చీ చదివావు. అవి రెండూ ఒకటి కావు. హెచ్ఎఫ్ ఉన్న ప్రోగ్రామ్ ఎల్‌డీ-లైనక్స్-ఆర్మ్‌హెచ్‌ఎఫ్.ఎస్ఓ.3 అనే లోడర్‌ను (ప్రోగ్రామును, దాని లైబ్రరీలను కలిపి నడిపించేదాన్ని) వెతుకుతుంది, లేనిది ఎల్‌డీ-లైనక్స్.ఎస్ఓ.3ని. అది దొరకకపోతే బోర్డు మీద వింతగా ఉంటుంది: ప్రోగ్రామ్ ఫైలు కళ్లెదుటే ఉంటుంది, నడపబోతే అలాంటి ఫైలే లేదంటుంది. లేనిది ప్రోగ్రామ్ కాదు, దాని లోడర్. ప్రోగ్రామ్ ఫైలు లోపలి వివరాలు చూపే రీడ్‌ఎల్ఫ్‌కు ఎల్ ఆప్షన్ ఇచ్చి, ఇంటర్‌ప్రెటర్ అన్న చోట ఏ పేరుందో చూడు. బైనుటిల్స్, జీసీసీ, జీలిబ్‌సీ మూడింటికీ ఇచ్చే బోర్డు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఒక కాగితం మీద రాసి స్క్రీన్ పక్కన అంటించుకో.

ఇంతా చేసినా ఆగితే కాన్ఫిగ్.లాగ్ మొత్తం నాకు పంపు, చివరి పది వరుసలు కాదు. ఆదివారం బోర్డు తీసుకుని ఇంటికి రా. సీరియల్ కేబుల్ నా దగ్గర ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న