రెండో సంబంధానికి సరేనన్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

విడాకుల తరువాత వచ్చిన ఆ సంబంధానికి, భార్య పోయి కూతురితో ఉంటున్న ఆయనను చేసుకోవడానికి, నువ్వు సరేనన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. ఇష్టపడి కాదు, అవసరం కోసం ఒప్పుకున్నావని దాని బాధ. "నాకొక ఇల్లు కావాలి, ఆయన కూతురికి ఒక మనిషి కావాలి, అంతకు మించి నేనేమీ ఆశించడం లేదు" అన్నావట. ఆ మాట విన్నాకే నీకు ఉత్తరం రాయాలనిపించింది. నేనూ అలాగే చేసుకున్నాను కదా. మా నాన్న పోయారు, నా వెనుక ఇద్దరు చెల్లెళ్ళు, కట్నం ఇచ్చే దారి లేదు. మీ పెద్దనాన్నకు మొదటి భార్య పోయింది, ఇంట్లో ముసలి తల్లి, ఐదేళ్ళ కూతురు. ఆయన కట్నం అడగలేదు, పెళ్ళి ఖర్చూ ఆయనే పెట్టుకున్నారు. మా ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి ఉంది, అంతే. పెద్దక్క నన్ను పిన్నీ అని ఎందుకు పిలుస్తుందని చిన్నప్పుడు నువ్వు అడిగావు, గుర్తుందా? ఆ ఐదేళ్ళ పిల్లే మీ పెద్దక్క.

ముందుగా ఒక పని చెయ్యి. తాంబూలాలు పుచ్చుకునే లోపు మీరిద్దరే కూర్చుని ఎవరికి ఏం కావాలో విప్పి చెప్పుకోండి. పెద్దల ముందైతే ఎవరూ నిజం చెప్పరు, మర్యాద మాటలతో సరిపోతుంది. నీ ఉద్యోగం, నీ జీతం, మీ అమ్మకు నువ్వు పంపే డబ్బు, ఆయన తల్లి ఎవరి దగ్గర ఉంటారు, మరో బిడ్డ కావాలా వద్దా, ఇవన్నీ అడుగు. సిగ్గుపడకు. మీ పెద్దనాన్న నాతో, "పాప వేళకు బడికి వెళ్ళాలి, మా అమ్మకు వేళకు మందు అందాలి. ఇక మీకేం కావాలో చెప్పండి" అన్నారు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యే దాకా పుట్టింటికి సాయం చేస్తాను, అడ్డు చెప్పకూడదు అన్నాను. సరేనన్నారు. మీ అమ్మ పెళ్ళికి తన ప్రావిడెంట్ ఫండు మీద అప్పు తీసి మా అమ్మ చేతిలో పెట్టారు. ఆ సంగతి ఈ రోజు వరకు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆయన మీద నాకు ముందు కలిగింది ప్రేమ కాదు, నమ్మకం.

ప్రేమ ఎప్పుడు కలిగిందో కూడా చెబుతాను, నువ్వు అడగలేవు కాబట్టి. అప్పుడు బిట్రగుంట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. ఆ చప్పుడుకు నాకు మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టేది కాదు. కానీ ఆయన డ్యూటీ దిగి ఇంటికి వచ్చిన చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు. తెల్లవారి తలుపు తీసేసరికి వరండాలో ఉండేవారు. బండి అప్పుడే వచ్చిందనుకునేదాన్ని. ఒక రోజు పాలు పోస్తూ పాలవాడు, "అయ్యగారు చలిలో అలా కూర్చుంటారెందుకమ్మా? నేను పాలు పితకడానికి పోయేటప్పుడూ చూశాను, తన డ్యూటీ పెట్టెకు ఆనుకుని కునుకుతున్నారు" అన్నాడు. అడిగితే, "ఒకసారి లేస్తే నీకు మళ్ళీ నిద్ర పట్టదటగా, అమ్మ చెప్పింది" అన్నారు. నాకు కోపం వచ్చింది, బాగా తిట్టాను కూడా. ఆ రోజంతా పనిలో మనసు నిలవలేదు. ఆ తరువాత డ్యూటీకి వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూడటం మొదలైంది.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, నీ విషయంలోనూ ఇలాంటిది ఏదో ఒకటి జరుగుతుంది. అయితే అది నీకు చెప్పి జరగదు. అలాంటి మనుషులు చేసింది చెప్పుకోరు. నువ్వే చూడాలి. ఎంతసేపూ సినిమాల్లో చూసిన ప్రేమ కోసం వెతుకుతూ కూర్చుంటే కళ్ళ ముందున్నది కనబడదు. అలాగే పడక గది విషయంలో ఎవరి తొందరా పెట్టుకోవద్దు. అత్తగారు, ఆడపడుచులు, చివరికి మీ అమ్మ కూడా ఆరా తీస్తారు. అది మీ ఇద్దరి సంగతి. మనసు కుదిరాకే అని ఆయనతో సూటిగా చెప్పు. మంచివాడైతే ఆగుతాడు.

ఇక పాప. అమ్మా అని పిలవమని దానికి ఎవరినీ చెప్పనివ్వకు. మీ పెద్దక్క మొదట్లో నన్ను దగ్గరకు రానిచ్చేది కాదు. బడికి వెళ్ళేటప్పుడు నానమ్మే రెండు జడలు అల్లి, పైకి మడిచి నల్ల రిబ్బన్లు కట్టాలి. నేను కొబ్బరినూనె గిన్నె, దువ్వెన, రిబ్బన్లు తెచ్చి పీట పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మా అత్తగారికి చేతులు వణకడం మొదలయ్యాక ఎడమ జడ వదులుగా వచ్చేది, బడికి చేరేలోపే ఊడిపోయేది. ఒక రోజు ఆ పిల్ల సగం జడతో వంటింట్లోకి వచ్చి, మాటా పలుకూ లేకుండా నాకు వీపు పెట్టి కూర్చుంది. నేనూ ఏమీ అనలేదు, జడ వేశాను. పిల్లలను మచ్చిక చేసుకోవాలని బొమ్మలూ మిఠాయిలూ కొనేవాళ్ళను చాలామందిని చూశాను. నా మాట విను, అవేవీ కొనకు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట ఉండు.

పోయిన ఆవిడ ఫోటో గోడ మీద ఎక్కడ ఉందో అక్కడే ఉండనీ. ఆవిడ ఆబ్దికం తిథి నువ్వే గుర్తుపెట్టుకో, ఆయన మరిచిపోయినా సరే. ఆవిడ నగలు పాపవి. పాప అమ్మమ్మా తాతయ్యల ఎదుటే జాబితా రాయించి, బ్యాంకు లాకరులో పెట్టించు. ఏ పెళ్ళికీ, ఏ పేరంటానికీ అందులో ఒక్క గాజు కూడా నువ్వు వేసుకోవద్దు. ఆ ముసలివాళ్ళు మనవరాలిని చూడటానికి వస్తే భోజనం పెట్టకుండా పంపకు. కూతురు పోయిన ఇంటి గడప తొక్కడం ఎంత కష్టమో ఆలోచించు.

కాగితాల సంగతి కూడా చెబుతాను. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకుల డిక్రీ, అంటే కోర్టు తీర్పు మీద అప్పీలుకు 90 రోజుల గడువు ఉంటుంది. నీకు ఆ గడువు దాటిపోయిందో లేదో వకీలు గారిని అడిగి, డిక్రీ సర్టిఫైడ్ కాపీ దగ్గర పెట్టుకో. ఆయన మొదటి భార్య మరణ ధ్రువీకరణ పత్రం కూడా తీసుకోండి. పెళ్ళిని తప్పకుండా రిజిస్టరు చేయించండి. మన రాష్ట్రంలో 2002 చట్టంతో అది తప్పనిసరి అయింది. పీఎఫ్‌కు, బీమాకు నామినేషన్లు ఇద్దరూ కొత్తగా రాయండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో స్త్రీ ఆస్తికి మొదటి వరుస వారసులు భర్త, ఆమె సొంత బిడ్డలు. సవతి బిడ్డ ఆ వరుసలో లేదు, భర్త వారసుల్లో ఒకరిగా ఆ తరువాతే వస్తుంది. నీ సంపాదనలోంచి పాపకు ఇవ్వాలని నీకు అనిపించిన రోజు వీలునామా రాయి. నేను రాశాను, అందులో మీ పెద్దక్క పేరే మొదట ఉంది.

ఊళ్ళోవాళ్ళు రెండో పెళ్ళి అని గొంతు తగ్గించి మాట్లాడతారు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇన్నేళ్ళయినా ఆ గొంతు తగ్గించడం పోలేదు. నువ్వు మాత్రం మామూలు గొంతుతోనే చెప్పు.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. నేను చెప్పినవన్నీ మంచి మనిషి విషయంలో. చెయ్యి చేసుకున్నా, జీతం లాక్కున్నా, ప్రేమ పుడుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చోకు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చెయ్యి, ఆ తరువాత నాకు చెయ్యి. మా ఇంట్లో నీ గది నీకు ఎప్పుడూ ఉంటుంది. మీ పెద్దనాన్న కూడా ఇదే రాయమన్నారు.

తాంబూలాలకు ముందు రోజే వస్తున్నాను. అబ్బాయిని ఆ సాయంత్రం ఇంటికి రమ్మను. మీరిద్దరూ మాట్లాడుకునేంతసేపూ మీ అమ్మను నేను గుడికి తీసుకువెళ్తాను, లేకపోతే అది తలుపు దగ్గరే నిలబడుతుంది. అడగవలసినవన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ