దేవుణ్ణి నమ్మని నేను చెరువులో ఎందుకు ఏడ్చాను?

ప్రశ్న: మాది నెల్లూరు. వయసు 46. నాన్న హేతువాది, పార్టీ మనిషి. మా ఇంట్లో దేవుడి పటం ఎరగం. మాది రిజిస్టర్ పెళ్లి. నాన్న పోయి ఏడాదైంది. ఆయన కోరినట్టే దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చి, సంస్మరణ సభ పెట్టాం. మనుషులు చాలామంది రావడంతో టీలు అందించడంతోనే నాకు సరిపోయింది. మొన్న రొట్టెల పండగకి స్నేహితురాలికి తోడు వెళ్లాను. స్వర్ణాల చెరువులో ఎవరో పెద్దామె నా చేతిలో ఆరోగ్య రొట్టె పెట్టి ‘తిను తల్లీ’ అంది. అక్కడే భోరున ఏడ్చేశాను. మావారు ‘నువ్వు కూడానా!’ అని నవ్వారు. నా మతిగానీ పోతోందా? నమ్మకం లేకుండా వచ్చే ఏడు రొట్టె తీసుకెళ్లి ఇవ్వొచ్చా?

సలహా: మతి పోలేదమ్మా. సభలో టీలు అందించానని రాశారు. అప్పుడు ఏడ్చినట్టు ఎక్కడా రాయలేదు. పదకొండో రోజూ, పిండాలూ మూఢత్వమని వదిలేశారు, సరే. కానీ కూతురు కూర్చుని ఏడవడానికి అవి ఇచ్చే చోటు కూడా వాటితోపాటే పోయింది. ఏడాది తర్వాత ఆ చోటు మీకు చెరువులో దొరికింది.

ఇక రెండో కారణం. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో 200 అడుగులు దాటిన జామాయిల్ చెట్లున్నాయి. మన వైపు పేపర్ మిల్లుకు కొట్టేసే జామాయిల్‌కి చుట్టాలే. కొందరిని ఒక్క నిమిషం వాటికేసి తలెత్తి చూడమన్నారు, మరికొందరిని ఎత్తైన బిల్డింగు కేసి. ఆ తర్వాత ఒకరు పొరపాటున అన్నట్టు పెన్నులు జారవిడిచారు. చెట్లను చూసినవాళ్లే ఎక్కువ ఏరిచ్చారు. 2015లో వచ్చిన పరిశోధన ఇది. వాళ్లెవరూ చెట్టుకు మొక్కలేదు. తనకంటే పెద్దదాని ముందు నిలబడితే ‘నేను’ అన్నది కాస్త తగ్గుతుంది, పక్కమనిషి కనబడతాడు. నీళ్లలో అన్ని వేలమంది, ఎవరి కులమతాలూ ఎవరూ అడగరు. అక్కడ మీ మనసు కరగడానికి దేవుడే ఉండాలనేం లేదు. ఉన్నాడని తేల్చే పనీ మీకిప్పుడు లేదు. ఇలాంటప్పుడు మీ కన్నీళ్లకు పేరు పెట్టడానికి ఆధ్యాత్మిక క్లాసులు నడిపేవాళ్లు వస్తారు. ఫీజు కట్టే ముందు ఆర్నెల్లు ఆగండి.

మీవారి సంగతి. మనసు గుట్టు విప్పాలని చూసిన మానసిక వైద్యుడు ఫ్రాయిడ్ కూడా నాస్తికుడే. మనిషిలో హద్దుల్లేని సముద్రంలాంటి అనుభూతి ఒకటుందని 1927లో ఫ్రెంచి రచయిత రోమా రోలా ఆయనకు ఉత్తరం రాశాడు. నాలో అది కనబడలేదు, అంతమాత్రాన ఇతరులకు లేదనే హక్కు నాకు లేదు అన్నాడు ఫ్రాయిడ్. మీవారు ఆమాత్రం అంటే చాలు. ‘నువ్వు నవ్వినప్పుడు బాధేసింది, అప్పుడు నాకు నాన్న గుర్తొచ్చాడు’ అని చెప్పండి. వాదనలోకి దిగకండి, అందులో ఆయనే గెలుస్తాడు. ఓ సాయంత్రం ఇద్దరూ మైపాడు బీచ్‌కి వెళ్లి, సభలో ఎవరూ చెప్పని నాన్న గురించి మాట్లాడుకోండి. నిద్ర, తిండి వారాల తరబడి సరిగా లేకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

రొట్టె అంటారా, కోరిక కోరి తీసుకున్నవాళ్లు అది తీరాక మళ్లీ వచ్చి ఇస్తారు. మీరేమీ కోరుకోలేదు కాబట్టి బాకీ ఏం లేదు. వెళ్లాలనిపిస్తే మాత్రం నాలుగు చేసుకుని వెళ్లండి. మీలాగే ఏడుస్తూ ఎవరైనా ఎదురుపడితే చేతిలో పెట్టండి.